అమ్మ క్యాసెట్లు 23: పాత టేపుల్ని ఫైళ్ళుగా మార్చే షాపు మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయట్లేదు. పొగడాల్సినవి ఎక్కువే ఉన్నాయి గానీ తిట్లు కూడా రెండు మూడు ఉన్నాయి, పాపం ఒక్క పెద్దాయన కూర్చుని చేసుకునే పని అది. హైదరాబాదులో పాత బిల్డింగు, మెట్లెక్కి పైకెళ్ళాలి, లిఫ్టు లేదు, ఒకప్పుడు పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవారట, ఇప్పుడు జనం అటకల మీద నుంచి దించుకొచ్చిన క్యాసెట్లు ఫైళ్ళు చేసిస్తున్నారు. రివ్యూ అంటే రేటు, టైము, క్వాలిటీ చెప్పాలి, చెప్తాను, కానీ మా అమ్మ గురించి చెప్పకుండా ఆ క్వాలిటీ ఏంటో మీకు అర్థం కాదు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్న 1986లో కువైట్ వెళ్ళారు. అప్పట్లో మా వైపు ఇంటికొకరు కువైటో మస్కటో దుబాయో, ఫోన్ చేయాలంటే అమలాపురం వచ్చి ట్రంక్ కాల్ బుక్ చేసుకుని కూర్చోవాలి, ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి నెల. అందుకని అందరూ క్యాసెట్లు పంపుకునేవాళ్ళు. ఊళ్ళో ఎవరైనా సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నారంటే చాలు వాళ్ళింటికి ఆవకాయ, సున్నుండలు, ఒక క్యాసెట్ పట్టుకుని జనం క్యూ కట్టేవాళ్ళు. ఒక వైపు ఇంటావిడ మాట్లాడి పంపితే రెండో వైపు ఇంటాయన మాట్లాడి పంపడం, అదన్నమాట పద్ధతి. మిగతా ఇళ్ళ క్యాసెట్లలో ఏడుపులే ఎక్కువట, నాన్న చెప్పేవారు, రూములో ఎనిమిది మంది ఉంటే ఏడుగురు ఇయర్‌ఫోన్ పెట్టుకుని గోడ వైపు తిరిగి వినేవాళ్ళట. మా అమ్మ క్యాసెట్ వచ్చిందంటే మాత్రం స్పీకర్ పెట్టి అందరూ కూర్చునేవాళ్ళట.

ఎందుకంటే మా అమ్మ ఉత్తరం చెప్పేది కాదు, వార్తలు చదివేది.

"ఆకాశవాణి, కోనసీమ కేంద్రం. వార్తలు చదువుతున్నది మీ ఇంటావిడ. ముందుగా ముఖ్యాంశాలు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. కొబ్బరికాయ రేటు పడిపోయింది, మీ తమ్ముడి మీసం పెరిగింది. అత్తయ్యగారు నాతో మూడు రోజుల్నుంచి మాట్లాడ్డం లేదు, ఇంట్లో ప్రశాంత వాతావరణం నెలకొని ఉంది."

ఇది 1988 క్యాసెట్. వెనకాల మా నాయనమ్మ "ఏమిటే ఆ రోగం" అంటున్న గొంతు కూడా పడింది, దాంతో అమ్మ వార్తలాపి "ఇప్పుడే అందిన వార్త, అత్తయ్యగారు మాట్లాడారు" అంటుంది. నాయనమ్మ కూడా నవ్వేసింది, వినపడుతుంది. అత్తాకోడళ్ళ గొడవలు మా ఇంట్లో సాయంత్రం దాకా నిలిచింది నేనెప్పుడూ చూళ్ళేదు, అమ్మతో పోట్లాట పెట్టుకోవడం చాలా కష్టం, మధ్యలో నవ్వొచ్చేస్తుంది.

సినిమా అంటే ప్రాణం. పక్కింటావిడనీ ఎదురింటావిడనీ పోగేసి పొద్దున్నే పులిహోర డబ్బా పట్టుకుని ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి కోటిపల్లి, అక్కణ్ణుంచి బస్సులో కాకినాడ, మ్యాట్నీ చూసి చీకటి పడేలోపు ఇంటికి. అమలాపురంలో హాళ్ళు లేవా అంటే ఉన్నాయి, "పంటు ఎక్కకపోతే అది సినిమా ఎలా అవుతుందే" అనేది. పంటు మీద పేకాట కూడా ఆడేవాళ్ళని నాకు పెళ్ళయ్యాక తెలిసింది, అది కూడా ఎదురింటావిడ నోరు జారితే.

అమ్మ పోయినేడాది సంక్రాంతి వెళ్ళిన వారానికి పోయింది. కనుమ రోజు ప్రభల తీర్థానికి వెళ్దామని గోల పెట్టి, మోకాళ్ళు సహకరించక ఆటోలో కూర్చునే చూసి, నా కొడుకు చేత జీళ్ళు కొనిపించుకుని తిని, షుగర్ చూపించుకోకుండా తప్పించుకుని తిరిగిన మనిషి. పెద్దకర్మకి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో కథ మొదలుపెట్టి నవ్వులే నవ్వులు, వంట చేసేవాళ్ళు లోపల్నించి తొంగి చూశారు, ఇది కర్మ భోజనమా పెళ్ళి భోజనమా అని. ఆ రోజే మా మేనత్త అడిగింది, "ఆ వార్తల క్యాసెట్లు ఉన్నాయా అసలు?" అని.

ఉన్నాయి. ఎలా మిగిలాయో కూడా ఒక కథే. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు నాన్న అక్కడే ఉన్నారు. లక్షా డెబ్బై వేల మంది పైగా మనవాళ్ళని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో తెచ్చారు చూడండి, 59 రోజులు, 488 విమానాలు, వాళ్ళలో మా నాన్న ఒకరు. టీవీ, టేప్ రికార్డరు, సూట్‌కేసులు అన్నీ వదిలేసి బస్సులో ఎడారి దాటి ఒక్క చేతిసంచితో వచ్చారు. ఆ సంచిలో రెండు జతల బట్టలు, మిగతాదంతా అమ్మ క్యాసెట్లు. అమ్మ సంచి విప్పి చూసి అన్న మాట మా చుట్టాలందరికీ నోటికొచ్చు: "బంగారం తెస్తారనుకుంటే నా గొంతే నాకు తెచ్చారేవిటండీ!" ఆ మాటని మా బాబాయి ఇప్పటికీ ఆవిడ గొంతు పెట్టి మరీ చెప్తాడు. ఆవిడ ఆ మాట అనేసి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదని మాత్రం నాకే తెలుసు, తొమ్మిదేళ్ళ పిల్లని, వెనకాలే వెళ్ళాను.

తర్వాత నాన్న మస్కట్ వెళ్ళారు, మళ్ళీ కొన్ని క్యాసెట్లు చేరాయి. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు, కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపోయాయి, మా ఇంటి పెంకులు లేచిపోయి అటక మీద ట్రంకు పెట్టెలోకి నీళ్ళు. అమ్మ క్యాసెట్లన్నీ చాప మీద వడియాలు ఎండబెట్టినట్టు వరసగా ఎండబెట్టింది, కాకులు రాకుండా నన్ను కాపలా పెట్టింది, క్యాసెట్లని కాకులు ఎందుకు తింటాయో నాకప్పుడు తట్టలేదు.

సరే, ఇంక షాపు.

23 క్యాసెట్లు పట్టుకెళ్ళా. 19 అరవై నిమిషాలవి, 4 తొంభైవి. నాకు ముందు నచ్చింది ఏంటంటే ఆయన ఏదీ వెంటనే డెక్కులో పెట్టలేదు. ఒక్కోటీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చిన్న కిటికీలోంచి చూసి రెండు కుప్పలుగా పెట్టారు. టేపు చుట్ట అంచు మీద తెల్లగా పౌడరు అద్దినట్టు కనపడితే అది బూజట, అలాంటిది పెడితే టేపుని చదివే హెడ్డుకి అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్‌కి కూడా అంటిస్తుందట. నావాటిలో 11 అలాంటివి తేలాయి. అంతకు ముందు నేను ఇంకోచోటికి వెళ్ళా లెండి, పెద్ద షోరూము, ఏసీ, అక్కడ కుర్రాడు మొదటి క్యాసెట్ చూసీ చూడకుండా తోసేసి ప్లే నొక్కాడు, టేపు లోపల చుట్టుకుపోయి జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఇది పోయింది మేడమ్, నెక్స్ట్ ఇవ్వండి" అన్నాడు. నేను మిగతా 22 ఒళ్ళో పెట్టుకుని లేచి వచ్చేశా. ఆ పోయిందన్న క్యాసెట్‌ని కూడా ఈ పెద్దాయన బతికించారు. స్క్రూలు లేకుండా అతికించేసిన డబ్బా అది, దాన్ని బ్లేడుతో సన్నగా విడదీసి, నలిగిన ముక్కని వేలి గోటితో సాపు చేసి, తెగిన చోట అతికించి, చుట్టలు రెండూ తీసి ఇంకో ఖాళీ క్యాసెట్ డబ్బాలో పెట్టారు. నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని టేపు, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, చెయ్యి వణకలేదు. మామూలు సెల్లోటేపు పెట్టి అతికించొద్దమ్మా, కొన్నాళ్ళకి జిగురు కారి పక్క చుట్టలకి అంటుకుంటుంది అని చెప్పారు, మేం చిన్నప్పుడు చేసిందల్లా అదే కదా.

రెండోది బేటరీల సంగతి. మా ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో, అమ్మ టూ-ఇన్-వన్‌లో పెద్ద సెల్లులు వేసి ఎర్ర బటన్ నొక్కి రికార్డు చేసేది. సెల్లులు అయిపోతుంటే టేపు నెమ్మదిగా తిరుగుతుంది, అలా నెమ్మదిగా రికార్డయినదాన్ని మామూలు స్పీడులో పెడితే గొంతు సన్నబడి చిలక పలుకుల్లా వస్తుంది. మూడు క్యాసెట్ల చివర అలాగే ఉంది, వార్తలు చదువుతున్న అమ్మ వాతావరణం దగ్గరకొచ్చేసరికి ఏడేళ్ళ పిల్ల అయిపోతుంది. స్పీడు ఎంత తగ్గించాలో ఎలా తెలుస్తుంది అని నేననుకుంటే ఆయన వెనకాల రేడియోలో సన్నగా వస్తున్న సినిమా పాట పట్టుకున్నారు. ఆ పాట అసలు రికార్డు తీసి పక్కన పెట్టి, శ్రుతి కలిసేదాకా తగ్గించుకుంటూ వచ్చారు. కలిసిన క్షణంలో అమ్మ గొంతు అమ్మ గొంతయింది. నేను అక్కడే ఉన్నా అప్పుడు. ఆయన పక్కకి చూస్తూ నీళ్ళ బాటిల్ నా వైపు జరిపారు.

ఇంక తిట్లు.

ఒకటి, టైము. మూడు వారాలన్నారు, ఏడు వారాలు పట్టింది. క్యాసెట్ అనేది గంటది గంటసేపు ఆడితేనే ఎక్కుతుంది, కాపీ కొట్టినట్టు నిమిషంలో అవదు, అది నాకు తెలుసు, కానీ ఫోన్ ఎత్తకపోవడం ఏంటండీ. సంవత్సరీకానికి వినిపించాలని ముందే చెప్పా, రెండ్రోజుల ముందు చేతికొచ్చింది. బస్సెక్కే దాకా నాకు బీపీ.

రెండు, ఇది పెద్దది. మొదటి విడత ఆరు క్యాసెట్లు ఇచ్చినప్పుడు ఆయన చాలా గర్వంగా "మొత్తం క్లీన్ చేసేశానమ్మా, స్టూడియోలా ఉంటుంది" అన్నారు. ఇంటికొచ్చి విన్నా. నిజంగానే స్టూడియోలా ఉంది. ఫ్యాను చప్పుడు లేదు, కోళ్ళు లేవు, బోరింగు కొడుతున్న కీచు లేదు, నాయనమ్మ రోట్లో ఏదో దంచుతూ ఉండేది అదీ లేదు, అమ్మ ఏదో గాజు పెట్టెలో కూర్చుని మాట్లాడినట్టుంది. అన్నిటికన్నా ఘోరం, నవ్వు తెగిపోయింది. మా అమ్మ నవ్వు గొంతుతో మొదలై గాలితో అయిపోతుంది, చివర్లో శబ్దం ఉండదు, ఊపిరి మాత్రమే ఉంటుంది, ఆ తర్వాత ఒక చిన్న "అమ్మోయ్". సాఫ్ట్‌వేరుకి ఆ ఊపిరీ ఫ్యాను గాలీ ఒకటే, రెండూ తుడిచేసింది. నవ్వు మధ్యలో ఎవరో తలుపేసినట్టు. మర్నాడే వెళ్ళా. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు, అందరూ క్లీన్ చేయమనే అడుగుతారమ్మా అన్నారు. నాకు కోళ్ళు కావాలి బాబాయిగారూ అన్నాను. కాసేపు నన్నే చూసి, ఏమీ తుడవని అసలు ఫైళ్ళు మళ్ళీ తీసిచ్చారు, ఎక్స్‌ట్రా తీసుకోలేదు. నయం, క్లీన్ చేసినవాటి మీద సేవ్ చేయకుండా అసలువి పక్కన ఉంచారు.

కాబట్టి మీరెవరైనా ఎక్కడ చేయించుకున్నా సరే ముందే అడగండి, ఏమీ చేయని వేవ్ ఫైలు ఇవ్వండి, దాంతో పాటు ఫోన్లలో పంపుకోడానికి ఎంపీత్రీ ఇవ్వండి అని. వేవ్ అంటే సైజు ఎక్కువ, స్టీరియోలో నిమిషానికి పది ఎంబీ, అరవై నిమిషాల క్యాసెట్ 600 ఎంబీ దాకా అవుతుంది, అయితే అయింది, పెన్‌డ్రైవ్ ఏమంత రేటని. మనకి చెత్తలా వినపడేది పదేళ్ళ తర్వాత ఏమవుతుందో ఆ షాపాయనకేం తెలుసు, మనకి మాత్రం తెలుసా.

అసలు ఫైళ్ళలో ఇంకో వింత దొరికింది. తొంభై నిమిషాల క్యాసెట్లలో అమ్మ మాట్లాడే ముందు, రెండు మూడు సెకన్ల ముందు, అదే మాట చాలా సన్నగా, పక్క గదిలోంచి వచ్చినట్టు వినపడుతుంది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉలిక్కిపడ్డా. పెద్దాయన్ని అడిగితే టేపు మడిచిపెట్టిన చేతిగుడ్డలాంటిదమ్మా, పొరమీద పొర, ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే ఒక పొర మీద శబ్దం పక్క పొర మీద అద్దుకుంటుంది, తొంభైలో టేపు పల్చన కాబట్టి ఇంకా ఎక్కువ అన్నారు. పిండివంటలకి పేపరు వేస్తే అక్షరాలు అంటుకున్నట్టన్నమాట. ఇది పొమ్మన్నా పూర్తిగా పోదట. నా కూతురికి పదకొండేళ్ళు, దానికి ఇది ఆటైపోయింది. హెడ్‌ఫోన్లో వింటూ వేలెత్తి "అమ్మమ్మ ఇప్పుడు నవ్వుతుంది" అంటుంది, మరుక్షణం నవ్వు. మా ఆయన ఇదెలా చెప్తోందిరా అని తల బద్దలు కొట్టుకుని, తర్వాత తనూ హెడ్‌ఫోన్ లాక్కున్నాడు.

అమ్మమ్మగా కూడా ఆవిడ పద్ధతి మారలేదు. పిల్లలకి వాట్సాప్‌లో వాయిస్ పెట్టేది, "వార్తలు చదువుతున్నది మీ అమ్మమ్మ, అమలాపురంలో ఎండలు, మీ తాతయ్య నిక్కరు వేసుకున్నారు". మా వాడికి పరీక్షలో మార్కులు తక్కువొస్తే మేం తిడుతున్నామని తెలిసి, "విచారకరం, మీ అమ్మకి నాలుగో తరగతి లెక్కల్లో వచ్చినవి ఇరవై రెండు, వివరాలు మరో బులెటిన్‌లో" అని పెట్టింది. ఇంక నేనేం తిడతాను. ఆ వాయిస్‌లు కూడా ఫోన్లోంచి తీసి పెన్‌డ్రైవ్‌లోనే వేసిచ్చారు షాపాయన, దానికి డబ్బులడగలేదు, అన్ని మార్కులూ అక్కడే వేసేశా.

రేటు: మామూలు క్యాసెట్‌కి 350. బూజువాటికి పైన 200. రెండు క్యాసెట్లు రాలేదు, టేపు మీద పూత పొట్టులా రాలిపోతోంది, వాటికి తీసుకోలేదు. 21 క్యాసెట్లకి 7350, బూజు 11కి 2200, పెన్‌డ్రైవ్ 450, సరిగ్గా పదివేలు. బిల్లు అడిగితే చీటీ మీద రాసిచ్చారు. ఇంకా తక్కువకి చేసేవాళ్ళు ఉన్నారు, నేనైతే ఈయన దగ్గరికే పొమ్మంటాను, కాకపోతే అవసరానికి రెండు నెలల ముందే ఇచ్చెయ్యండి, క్లీనింగ్ వద్దని కాగితం మీద రాసి సంచికి పిన్ను పెట్టండి. అయిదుకి నాలుగు. ఫోన్ ఎత్తుంటే నాలుగున్నర.

ఆ నాలుగూ కూడా ముఖ్యంగా ఒక్క క్యాసెట్ వల్ల. పైన ఏమీ రాసి లేని క్యాసెట్ అది, నేనే చెప్పా, అది ఖాళీ లెండి, వదిలేయండి అని. ఒక వైపు అంతా ఉస్స్‌మని శబ్దం తప్ప ఏం లేదట. ఇంకొకరైతే రెండు చోట్ల తిప్పి చూసి ఖాళీ అని పక్కన పడేసేవాళ్ళు. ఈయన రెండో వైపు కూడా ఆడనిచ్చి పక్కన వేరే పని చేసుకుంటున్నారట. ఇరవై ఆరు నిమిషాలు గడిచాక ఠక్కుమని బటన్ పడ్డ చప్పుడు, ఆ వెంటనే అమ్మ గొంతు.

"...ఓరి నాయనో, ఎర్ర బటన్ నొక్కలేదే! ఇంతసేపూ ఎవరికి చెప్పానే నేను? గోడకా?" నవ్వు. పక్కన ఎవరో ఆడమనిషి కూడా నవ్వు, ఎదురింటావిడే అయ్యుంటుంది. "ఏవండోయ్, అరగంట చెప్పానండీ, మంచి మంచివన్నీ చెప్పాను. మళ్ళీ మొదట్నించీ చెప్పే ఓపిక నాకు లేదు. వచ్చాక చెప్తాలెండి." ఆ తర్వాత ఊపిరి, చివర్లో "అమ్మోయ్".

సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక అరుగు మీద స్పీకర్ పెట్టి అన్నీ వినిపించి ఇది ఆఖర్న పెట్టా. నాన్న తల పక్కకి వంచి విన్నారు, చెవి సరిగా వినపడదు, మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ పెట్టా. మేనత్త అడిగింది, ఇంతకీ ఏం చెప్పిందిరా వచ్చాక అని.

నాన్న కాసేపాలోచించి, "ఏమో, నేను పంపిన డబ్బులో ఆ నెల్లో ఎంత సినిమాలకి ఖర్చయిందో చెప్పుంటుంది, అందుకే నొక్కలేదు ఎర్ర బటన్" అన్నారు.